భవ్య కంప్యూటరుకు నేను చేసిన సర్వీసింగు

ఈ వృత్తాంతం ముగిసేలోగా ఒక కంప్యూటరు, ఒక పోటీ, ఐదుగురు పిల్లల ఆశ, ముప్పైఆరేళ్ల ఉద్యోగంలో చెక్కుచెదరకుండా నేను కాపాడుకొచ్చిన పరువు ఒకదాని వెంట ఒకటి మునిగిపోతాయి. ఒడ్డుకు చేరేవాణ్ని నేనొక్కణ్నే. చేరకపోయినా బాగుండేదని ఆ రోజు కనీసం ఐదుగురు అనుకుని ఉంటారు. చివరికి అంతా సర్దుకుంటుందన్న నమ్మకంతో చదివే పాఠకులు ఇక్కడే ఆగిపోవడం మంచిది. తక్కినవారు కొంచెం దూరంగా కూర్చోండి; మెరైన్ గ్రీజు ఒకసారి అంటుకుంటే వదలదు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పుడు నా వయసు అరవై మూడు. అంటే పసితనం. తనకు ఏమీ తెలియదన్న సంగతి కూడా ఇంకా తెలియని వయసు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఓడలు మరమ్మతు చేసే ఒక కర్మాగారంలో స్టోర్సు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసి, గరాచర్మలో కట్టుకున్న ఇంట్లో స్థిరపడ్డాను. స్టోర్సు సూపరింటెండెంటు అంటే ఎవరో తెలియనివారి కోసం ఒక మాట: మేకు మొదలుకొని లంగరు దాకా ప్రతి వస్తువుకూ ఒక అర, ప్రతి అరకూ ఒక చీటీ, ప్రతి చీటీ మీదా తేదీ, సంతకం ఉండి తీరేలా చూసే మనిషి. నేను రిటైరయ్యాను గాని నా అలవాటు కాలేదు. మా వంటింట్లో కందిపప్పు డబ్బా మీద "కందిపప్పు" అని నా దస్తూరీతో చీటీ ఉండేది. దాని పక్కనున్న ఖాళీ డబ్బా మీద "ఖాళీ" అని ఉండేది.

మా దీవుల్లో ఇనుముకు మొదటి శత్రువు ఉప్పుగాలి. మేలో వానలు మొదలవకముందే తెరిచి ఉన్న ప్రతి రంధ్రాన్నీ మూసివేయాలి. ఇనుపవస్తువు ప్రతిదానికీ గ్రీజు పూసి పాలిథీన్ చుట్టాలి. అది స్టోర్సు ధర్మం. ఇంట్లోనూ అదే నడిపించాను. టీవీ రిమోటు పుట్టిన రోజు నుంచీ పాలిథీన్ సంచిలోనే బతికింది. తలుపు గడియలకు నేను గ్రీజు రాసి రాసి ఉంచేసరికి, మా ఇంటికి వచ్చిన చుట్టాలు కరచాలనం చేయడం మానేశారు. మా ఆవిడ సరస్వతి ఒక్కోసారి నన్ను నిదానంగా చూసి, "మిమ్మల్ని మీరు ఎప్పుడు చుట్టుకుంటారో చెప్పండి, నేను పట్టుకుంటాను," అనేది.

మా మనవరాలు భవ్య మా దగ్గరే ఉండి కాలేజీలో చదువుకునేది. మా అమ్మాయికి మాయాబందర్‌లో ప్రభుత్వోద్యోగం కాబట్టి పిల్లను మాకు అప్పగించింది. భవ్య దగ్గర ఆటలాడే కంప్యూటరు ఒకటి ఉండేది. మామూలు కంప్యూటరు కాదు. చిన్న బీరువా అంత పెట్టె, పక్కన గాజు తలుపు, లోపల పెళ్లిపందిరికి కట్టినట్టు ఎరుపూ నీలమూ దీపాలు. అది నాకు నచ్చేది కాదు. చేసే పనికి దీపాలు ఎందుకు? సరస్వతికి మాత్రం నచ్చేది. భవ్య ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది.

"పాపం, వాణ్నెందుకు కాల్చావే? వాడికి తల్లి లేదా?"

"నేను కాల్చకపోతే వాడు నన్ను కాలుస్తాడు అమ్మమ్మా."

"అయ్యో, అయితే బేగి కాల్చు. అడుగో, గోడ వెనకాల ఇంకొకడు నక్కాడు చూడు!"

అంతకుముందు ఏడాది మే నెలలో భవ్య సెలవులకు మాయాబందర్ వెళ్లినప్పుడు ఆ పెట్టెను తిప్పి చూశాను. అడుగున జల్లెడలాంటి రంధ్రాలు, వెనక జల్లెడలాంటి రంధ్రాలు. ఉప్పుగాలికి ఇంతకంటే మర్యాదగా ఎవరైనా స్వాగతం పలుకుతారా? కొలతలు తీసి, పారదర్శకమైన పాలిథీన్‌ను కత్తిరించి, ఒక్క ముడత లేకుండా రెండుచోట్లా అతికించాను. వెనకవైపు ఒక చీటీ కూడా: "వర్షాకాల రక్షణ నిమిత్తం మూయబడినది. తీయరాదు." కింద తేదీ, సంతకం. పని ఎంత శుభ్రంగా ఉందంటే, రెండడుగుల దూరం నుంచి పాలిథీన్ ఉన్నట్టే తెలియదు. తెలివైన పాఠకులకు ఈపాటికి విషయం అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి పదమూడు నెలలు పట్టింది.

ఆ వానాకాలంలోనే సరస్వతి పోయింది. జబ్బు చేసి పది రోజులు, అంతే. ఆ తరవాత ఇంట్లో అన్నీ వేళకు జరిగాయి. అన్నం వేళకు ఉడికింది, తలుపులు వేళకు మూశాను. మాట్లాడే శాఖ మాత్రం ఆమె చేతిలో ఉండేది; ఆ ఖాళీ భర్తీ కాలేదు. నేను "అన్నం పెట్టాను," అంటే భవ్య "ఊఁ," అనేది. ఆమె "వెళ్లొస్తాను," అంటే నేను "గొడుగు," అనేవాణ్ని. ఏడాదంతా కలిపి ఒక పేజీకి సరిపడా మాటలు.

మరుసటి జూన్‌లో భవ్య నా గదికి వచ్చి నిలబడింది. అది పెద్ద విషయం కాబట్టి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.

"తాతయ్యా, ఆదివారం నాలుగింటికి నాకు మ్యాచ్ ఉంది. ఆ టైములో మోటారు వేయొద్దు, మిక్సీ వేయొద్దు. ప్లీజ్."

"ఏమి మ్యాచి?"

ఆమె చెప్పింది. ఐదుగురు పిల్లల జట్టట. దేశమంతా ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఆడే పోటీ. దీవుల నుంచి ఏ జట్టూ రెండో రౌండు దాకా రాలేదట. మా దగ్గర నెట్ నత్తనడక కాబట్టి మొదటి నిమిషంలోనే చచ్చేవాళ్లట. సముద్రం అడుగున కేబుల్ వేశాక ఈసారి వీళ్లు గెలిచారు. ఆదివారం గెలిస్తే మూడో రౌండు. మధ్యలో ఎవరి కంప్యూటరు ఆగినా ఆట ఆపరు, మళ్లీ మొదలుపెట్టరు, మిగిలినవాళ్లతోనే నడిచిపోతుంది.

"అయితే ఇంకేం. ఆడుకో."

"ఆడడానికి అది నడవాలి కదా! చిన్న గేములకి ఠీక్‌గానే ఉంటోంది. ఈ పెద్ద గేము పెడితే పావుగంటలో గరం అయిపోయి దానంతటదే బంద్ పడిపోతోంది. మొదటి మ్యాచ్ పది నిమిషాల్లో అయిపోయింది కాబట్టి బతికిపోయాం. రిపేరు భయ్యా చెన్నై వెళ్లాడు. వాతావరణం బాగాలేక షిప్పు కదల్లేదట. నా వల్ల ఓడిపోతే వాళ్ల నలుగురికీ మొహం ఎలా చూపించను?"

ఏడాది తరవాత ఆమె నాతో అన్ని వాక్యాలు కలిపి మాట్లాడింది. నాలో ఏదో ఒకటి, చాలాకాలంగా తుప్పుపట్టినది, కిర్రుమని కదిలింది. "నేను చూస్తాను," అన్నాను.

"వద్దు!" అంది వెంటనే. "హాథ్ మత్ లగానా తాతయ్యా. సచ్చీ చెప్తున్నా. నేను శనివారం బాంబూఫ్లాట్ వెళ్లి మా టీములో నఫీసా వాళ్లింట్లో ప్రాక్టీస్ చేసుకుంటా. ఆదివారం పొద్దున్న ఫెర్రీకి వచ్చి నేనే ఏదో చేస్తా. మీరు మాత్రం దాన్ని ముట్టొద్దు."

"ముట్టను," అన్నాను. అప్పటికే మనసులో పనిముట్ల జాబితా తయారవుతోంది.

శనివారం ఉదయం ఆమె గొడుగు తీసుకుని వానలో వెళ్లిపోయింది. పది నిమిషాల్లో మా పక్కింటి అప్పలస్వామి వచ్చాడు. నేనే కబురు పెట్టాను. అతడు దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజిన్ డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. వాళ్ల తాతలు శ్రీకాకుళం తీరం నుంచి చేపలవేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లు. ఇంజిన్ శబ్దం ముప్పైఏళ్లు విన్నాడు కాబట్టి అతడికి సగం చెవుడు. అందువల్ల ఎదుటివాళ్లకు కూడా చెవుడే అనుకుని మాట్లాడతాడు.

"ఏటండీ సూపర్నెంటుగారూ, ఎవులికి బాగోలేదు?"

"దీనికి. లోడు పడితే వేడెక్కి ఆగిపోతోంది."

అప్పలస్వామి పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు. గాజుకు చెవి ఆనించాడు. నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు. "ఉత్తినే ఉన్నప్పుడు బాగుంటాది, లోడు పడితే సచ్చిపోతాది. అంతే గదా?"

"అంతే."

"అయితే ఇంజినే ఇది! రంగులేసి కంప్యూటరంతన్నారు గాని." అతడి ముఖం వెలిగింది. "కూలింగైనా అందట్లేదు, గ్రీజైనా ఎండిపోనాది. ఇప్పీండి, చెక్ కర్‌లేంగే."

మరలు ఒక్కొక్కటే విప్పి, తెల్లకాగితం మీద వరుసగా పెట్టి, ఒక్కో దానికి అంకె వేశాను. గాజు తలుపు తీశాం. మధ్యలో పెద్ద ఫ్యాను, దాని కింద రేకుల దిమ్మ. దిమ్మను ఎత్తగానే దాని అడుగున, ఒక చదరపు బిళ్ల మీద, ఎండి బీటలు వారిన బూడిదరంగు పదార్థం కనిపించింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇన్నేళ్ల ఇరుగుపొరుగులో మాకు అంతటి ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరలేదు.

"గ్రీజు!" అన్నాను.

"ఎండిపోనాది!" అన్నాడు. "సూసారా, నానేటన్నాను? పాపం గుంట, గ్రీజు లేకుండా బండి నడిపేస్తంది."

నా అటక మీద, "మెరైన్ గ్రీజు, ప్రథమ శ్రేణి, నీటికి కరగదు" అన్న చీటీతో ఒక డబ్బా ఉంది. ఓడల ప్రొపెల్లరు షాఫ్టుకు వాడే గ్రీజు. నీలంగా, చిక్కగా, చూడడానికే గౌరవం కలిగేలా ఉంటుంది. పాతదాన్ని గీకేసి, కొత్తది పూయడం మొదలుపెట్టాను. మొదట ఉసిరికాయంత పెట్టాను.

"అదేటండి, బొట్టు ఎట్టినట్టు?" అన్నాడు అప్పలస్వామి. "రేపు మేచ్చి గదా. పెద్ద లోడు. పుష్కలంగా ఏయండి."

ఇడ్లీ అంత వేశాను. దిమ్మను దాని మీద కూర్చోబెట్టగానే నాలుగువైపుల నుంచీ నీలం గ్రీజు తాపీగా బయటికి వచ్చింది, వాన వెలిశాక రోడ్డెక్కే నత్తలాగా. "మిగిలింది మిగిలినట్టు ఉండనీండి, తుప్పు పట్టదు," అన్నాడు అప్పలస్వామి. నేను ఒప్పుకున్నాను. నాకు తెలిసి, తుప్పు పట్టకపోవడమే జీవితంలో అత్యున్నతమైన విజయం. చివరికి ఒక మర మిగిలింది. దాన్ని కవరులో పెట్టి, "మిగులు మర, ఒకటి" అని రాసి భద్రపరిచాను.

స్విచ్చు వేశాం. దీపాలన్నీ వెలిగాయి. ఫ్యాన్లు తిరిగాయి. పావుగంట గడిచింది, అరగంట గడిచింది, ఆగలేదు. అప్పలస్వామి నా వీపు మీద చరిచాడు. ఆ ముద్ర చొక్కా మీద ఇంకా ఉంది, నీలంగా. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదు. కాని మరమ్మతైన ఏ ఓడనూ సముద్రంలో లోడుతో నడిపి చూడకుండా అప్పగించకూడదన్నది మా నియమం.

"లోడ్ ట్రయల్," అన్నాను.

"లోడ్ ట్రయల్," అన్నాడు అప్పలస్వామి భక్తితో.

భవ్య రోజూ నొక్కే బొమ్మ ఏదో నాకు తెలుసు, నొక్కాను. ఆట తెరుచుకుంది. ఎవరో తుపాకీ పట్టుకుని గడ్డిలో నిలబడ్డారు. ఆమె హెడ్‌ఫోన్ తలకు తగిలించుకున్నాను. మూలన ఒక ఆకుపచ్చ బొత్తాం మెరిసింది. ఆకుపచ్చది నొక్కాలి, ఎర్రది నొక్కకూడదు అన్నది కర్మాగారంలో మొదటి పాఠం కాబట్టి నొక్కాను. వెంటనే చెవుల్లో ఒక అమ్మాయి గొంతు, ఎవరు నువ్వని హిందీలో నిలదీసింది.

"కౌన్ హై? భవ్యా కీ ఐడీ సే కౌన్ ఆయా?"

నేను నిటారుగా కూర్చున్నాను. "నేను విశ్రాంత స్టోర్సు సూపరింటెండెంటును. ఇక్కడ లోడ్ ట్రయల్ జరుగుతోంది. దయచేసి పక్కకు తప్పుకోండి."

తరవాత బాగా పరిచయమున్న గొంతు, చాలా మెల్లగా: "తాతయ్యా?"

"భవ్యా! నువ్వెక్కడున్నావు?"

"బాంబూఫ్లాట్‌లో. మీరెక్కడున్నారు?"

"నీ కంప్యూటర్లో."

"ముట్టొద్దన్నానా లేదా?"

"ముట్టడమంటూ ఏమీ లేదు. సర్వీసింగు చేశాం."

"చేశాం అంటే? ఇంకెవరున్నారు అక్కడ?"

అప్పలస్వామికి అటు మాటలు వినపడవు కాబట్టి నా చెవిలో అరిచాడు: "టెంపరేచరు ఎంతుండాలో అడగండి! ఆయిల్ ప్రెషరు కూడా!"

"అప్పల తాతా! హే భగవాన్, అప్పల తాత కూడానా!"

అప్పుడే గదిలో ఒక వాసన మొదలైంది. సన్నగా, తియ్యగా, నాకు బాగా తెలిసిన వాసన. "భవ్యా," అన్నాను, "ఇందులోంచి మన చాథమ్ జెట్టీ వాసన వస్తోంది. ఇది మామూలేనా?"

"ఆఫ్ చేయండి! అభీ కే అభీ ఆఫ్ చేయండి!"

"కంగారు పడకు. నడుస్తున్న ఇంజిన్‌ను ఒక్కసారిగా ఆపరాదు. ముందు వేగం తగ్గించి, ఆ తరవాత క్రమంగా..."

"తాతయ్యా, ఆఫ్!"

క్రమం గురించి నేను ఇంకా వివరిస్తుండగానే కరిగిన గ్రీజు ఒక నీలపు ధారగా కింది ఫ్యాను మీద పడింది. ఫ్యాను దాన్ని నిష్పక్షపాతంగా గాజుకూ, గోడకూ, అప్పలస్వామి ముఖానికీ పంచిపెట్టింది. దీపాలు ఆరిపోయాయి. గడ్డిలో తుపాకీ పట్టుకున్నవాడూ పోయాడు.

"పెద్ద లోడే," అన్నాడు అప్పలస్వామి, కనురెప్పలు తుడుచుకుంటూ.

ఎన్నిసార్లు స్విచ్చు వేసినా అది మళ్లీ వెలగలేదు. ఆ సాయంత్రం నేను అన్నం వండాను, తినలేదు. సరస్వతి కూర్చునే కుర్చీ కంప్యూటరు పక్కన ఖాళీగా ఉంది. దాని మీద కూడా గ్రీజు పడింది, తుడిచాను. ఆమె ఉంటే నన్ను ఆ గది గుమ్మం దగ్గరే ఆపేసి ఉండేది.

ఆదివారం పది గంటలకు భవ్య తడిసి వచ్చింది. నన్ను చూడలేదు. చెప్పులు విడిచి, తిన్నగా వెళ్లి, గాజు తలుపు తీసి, మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు చూసింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏమిటిది?" అంది చివరికి.

"మెరైన్ గ్రీజు. ప్రథమ శ్రేణి."

ఆమె సంచిలోంచి చిటికెనవేలంత పేస్టు గొట్టం తీసింది. నఫీసా వాళ్లన్నయ్య ఇచ్చాడట. "ఇది వేస్తారు తాతయ్యా. పెసరగింజంత. ఇది వేడిని లాగి దిమ్మకి అందిస్తుంది. గ్రీజు కాదు."

"పెసరగింజంత," అన్నాను నేను.

నాలుగున్నర గంటలు దూదితో, స్పిరిటుతో, పాత టూత్‌బ్రష్షుతో తుడిచింది. నాకు అప్పగించిన పని దూది ఉండలు చేసి అందించడం. ఒకే పరిమాణంలో చేశాను. అదీ ఆమె గమనించలేదు. గొట్టంలోది పెసరగింజంత వేసి, "నాలుగో మర ఏది?" అంది. కవరు తెచ్చి ఇచ్చాను. చదవకుండానే చింపింది. తరవాత వెనకభాగం తుడవడానికి పెట్టెను తిప్పింది. చీటీ మీద ఆమె చెయ్యి ఆగింది.

"ఇది తడవకూడదు," అని దాని చుట్టూ జాగ్రత్తగా తుడవసాగింది. "అమ్మమ్మ మంత్రం కాగితం."

"మంత్రమా?"

"వెనకాల వైరు గుచ్చినప్పుడు చూశా. తెలుగులో ఉంది, గుండ్రంగా, కింద ఏదో ముగ్గులా ఉంది. దిష్టి తగలకుండా అమ్మమ్మ రాయించి అతికించిందనుకున్నా. అందుకే అట్లాగే వొదిలేశా."

నేను అప్పుడు నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో. కాని తప్పుడు వివరం రికార్డులో ఉండిపోవడం నేను భరించలేను. "అది మంత్రం కాదు. చదువు," అన్నాను.

భవ్య హిందీ మీడియంలో చదివింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, చదవడం అమ్మమ్మ నేర్పిన మేరకే. వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవాలి.

"వ... ర్షా... వర్షా. కా... ల. ర... క్ష... ణ." ఆమె వేలు కదులుతుంటే నా గుండె అక్షరానికో మెట్టు కిందికి దిగింది. ఉరిశిక్ష తీర్పును ఇంత నెమ్మదిగా ఎవరూ చదవరు. "మూ... య... బ... డి... న... ది. మూయబడినది. తీ... య... రా... దు." ఆగింది. "ఏది మూయబడినది?"

గోరుతో గీరింది. పాలిథీన్ అంచు పైకి లేచింది. లాగింది. అడుగున ఉన్నది కూడా లాగింది. పదమూడు నెలల ధూళి నేల మీద రాలింది.

"తాతయ్యా, ఇది మీ సంతకం."

"పోలిక ఉంది," అన్నాను.

ఆమె ఆ రెండు పాలిథీన్ ముక్కల్నీ నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచింది. నేను వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

మూడున్నరకు కంప్యూటరు వెలిగింది. నాలుగింటికి మ్యాచ్ మొదలైంది. అప్పలస్వామికి గడప దాటడం నిషేధించబడింది. అతడు కిటికీ చువ్వల అవతల గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. నాకేదైనా బాధ్యత అప్పగించమని బతిమాలుకున్నాను. భవ్య ఒక్క క్షణం ఆలోచించి, "వెనకాల కూర్చోండి. పొగొస్తే చెప్పండి. అంతే," అని హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

పెట్టె వెనక పీట వేసుకుని, కళ్లార్పకుండా కూర్చున్నాను. అరగంట దాటింది. ఇదివరకు పావుగంటకే ఆగేది; ఇప్పుడు ఆగలేదు. భవ్య వేళ్లు పరుగెడుతున్నాయి. "నఫీసా, పీఛే! పీఛే దేఖ్! హా... గిరా దియా! పడ్డాడు! ఇంక ఒక్కడే! ఏక్ ఔర్, ఏక్ ఔర్!" ఆ గొంతు నేను ఏడాదిగా వినలేదు. గెలుపు అంటే ఏమిటో తెలియని నాకు కూడా గెలుస్తున్నారని తెలిసింది.

సరిగ్గా అప్పుడు నా ముఖానికి వేడి తగిలింది. పెట్టె వెనక జల్లెడలోంచి, పొయ్యి మీంచి మూత తీసినట్టు, బుసబుసమని వేడిగాలి వస్తోంది. చెయ్యి పెట్టి చూశాను. ఇంతకుముందు ఎన్నడూ రాని వేడి.

"భవ్యా!" అన్నాను. హెడ్‌ఫోన్‌లో ఉన్న పిల్లకు వినపడలేదు. "భవ్యా! వేడి!"

కిటికీ నుంచి అప్పలస్వామి: "ఏటండీ? ఎంత వేడి?"

"ఇంజిన్ రూము అంత!"

"ఓలమ్మో! ఆపీండి, బేగి ఆపీండి! నిన్న లేటయిపోనాం!"

నిన్న. ఆ మాట నా చేతికి తగిలింది. నిన్న ఆమె ఆపమంది, నేను క్రమం అంటూ ఆలస్యం చేశాను, అంతా పాడుచేశాను. ఈసారి అలా జరగనివ్వను. వెనకనున్న నల్లని స్విచ్చు మీద వేలు పెట్టి, ఒక్క క్షణమైనా తడబడకుండా, నొక్కేశాను.

తెర నల్లబడింది. దీపాలు ఆరిపోయాయి. భవ్య చేతులు కీబోర్డు మీదే ఉండిపోయాయి. మెల్లగా హెడ్‌ఫోన్ తీసి తల పైకెత్తింది. పైన సీలింగ్ ఫ్యాను హాయిగా తిరుగుతోంది.

"కరెంటు పోలేదే," అంది.

"పోలేదు. నేనే ఆపాను," అన్నాను. పాఠకులారా, ఆ క్షణాన నా గొంతులో గర్వం కూడా ఉంది. "సమయానికి చూశాను. వెనక నుంచి విపరీతమైన వేడిగాలి వస్తోంది. ఇంకో నిమిషం గడిస్తే మొత్తం పోయేది."

ఆమె నన్ను చూసింది. అంత అలసిపోయిన చూపు ఇరవయ్యేళ్ల ముఖంలో నేను చూడలేదు.

"తాతయ్యా, వేడి బయటికి రావాలి. వస్తోందంటే బాగున్నట్టు. ఇన్నాళ్లూ లోపలే ఉండిపోయి కదా అది చచ్చింది."

కంప్యూటరు మళ్లీ వెలిగేసరికి ఆట అయిపోయింది. నలుగురితో ఆడి ఓడిపోయారు. ఫోనులో నఫీసా ఏడుస్తోంది. భవ్య "సారీ యార్, సారీ," అంటోంది, నా పేరు చెప్పకుండా. అదొక్కటీ నేను తట్టుకోలేకపోయాను. "నేనే చేశానని చెప్పు," అన్నాను.

అంతే, ఆనకట్ట తెగింది. ఫోను పక్కన పడేసి నా వైపు తిరిగింది.

"ఏమని చెప్పను? మా తాతయ్య అన్నీ మూసేస్తారని చెప్పనా? గాలిని మూసేశారు! రిమోటుని మూసేశారు! కందిపప్పు కందిపప్పని ఎవరికి తెలీదు? ఖాళీ డబ్బా మీద ఖాళీ అని రాస్తారా ఎవరైనా? అమ్మమ్మ పోయిన పదమూడో రోజు ఆమె చీరలన్నీ మూటలు కట్టి చీటీలేసి అటకెక్కించారు! నన్ను ఒక్క మాట అడిగారా? ఒక్కటైనా ఉంచుకుంటావా అని అడిగారా?"

మూటలు కావు, పెట్టెలు. ఆ సవరణ నా నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక తప్పుడు వివరాన్ని అలాగే ఉండనిచ్చాను.

ఆమె ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. తెలుగు చాలక హిందీలో తిట్టింది. మధ్యలో కిటికీ దగ్గర గొడుగు కదిలింది. "నాను లోపలికొచ్చి ఆపీమంటారేటండి?" అన్నాడు అప్పలస్వామి, తన జీవితంలో మొదటిసారి మెల్లగా.

"వద్దు," అన్నాను. "బయటికి రానీ."

వాన తగ్గేదాకా తిట్లూ ఏడుపూ వస్తూనే ఉన్నాయి. ఆ తరవాత నేను అటక మీంచి పెట్టెలు దింపాను. ఆమె ఒక ముదురాకుపచ్చ నేతచీర తీసుకుంది. దాని మీద చీటీని తనే పీకింది. ఆ రాత్రి అన్నం చల్లారిపోయాక తిన్నాం.

మూడో రౌండులో దీవుల జట్టు లేదు. మరుసటి ఏడాది ఆ ఐదుగురిలో ఇద్దరు చదువులకు వెళ్లిపోయారు. ఆ జట్టు మళ్లీ కూడలేదు. దాన్ని నేను ఏ గ్రీజుతోనూ సరిచేయలేను.

మర్నాడు ఉదయం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భవ్య గదిలోకి వెళ్లి, నిటారుగా నిలబడి, ముందుగా తయారుచేసుకున్న ప్రతిజ్ఞను పైకి చదివాను: "ఇకమీదట ఈ ఇంట్లో నడుస్తున్న దేనినీ, అది యంత్రమైనా, ఆటైనా, ఏడుపైనా, నేను మధ్యలో ఆపను. ఊపిరి తీసుకునే ఏ రంధ్రాన్నీ మూయను. ఎంత ప్రథమ శ్రేణిదైనా సరే, మెరైన్ గ్రీజును ఈ గడప లోపలికి రానివ్వను. ఇందుకు భిన్నంగా ప్రవర్తించిన పక్షంలో మనవరాలు విధించే ఏ శిక్షకైనా బద్ధుణ్ని."

భవ్య కంప్యూటరు ముందు కూర్చుని చివరిదాకా విన్నది. ముఖం ఇంకా ఉబ్బే ఉంది.

"బాగుంది తాతయ్యా," అంది. "కొంచెం పక్కకి జరగండి. దాని గాలికి అడ్డంగా నిలబడ్డారు."